మక్కలకో విస్కీ, యవలకో విస్కీ... మన ఇప్పపువ్వుకో?

భైంసా: సీసా మీద విస్కీ అని రాసి ఉంటుంది. అది దేనితో చేసిందో కొనేవాడు అడగడు. అడిగినా అమ్మేవాడు చెప్పలేడు. మార్కెట్ యార్డులో మక్కలు అమ్ముకుని, చేతికొచ్చిన పైసల్లో కొంత వైన్ షాపులో ఇచ్చి ఇంటిదారి పట్టే రైతుకు ఒక సంగతి తెలిస్తే ఆశ్చర్యం కలగవచ్చు. అమెరికాలో గొప్పగా చెప్పుకునే ‘బర్బన్’ విస్కీ తయారయ్యేది ఆ మక్కలతోనే. అతడు కొన్న క్వార్టర్ సీసాలో మాత్రం మక్క గింజ వాసన కూడా ఉండకపోవచ్చు.

భైంసా సరిహద్దు ఊరు. అటు నాందేడ్, ఇటు నిర్మల్. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగేదాకా ముధోల్, భైంసా, కుభీర్ సర్కిళ్లు నాందేడ్ జిల్లాలోనే ఉండేవి. తెలుగు, మరాఠీ, ఉర్దూ మూడూ బజారులో వినిపిస్తాయి. మద్యానికి కూడా ఇక్కడ మూడు భాషలున్నాయి. మైదానంలో కల్లు, అడవి వైపు వెళ్తే ఇప్పసారా, పట్టణంలో వైన్ షాపు సీసా. ఈ మూడింటినీ పక్కన పెట్టుకుని స్కాట్లండ్, అమెరికా విస్కీల సంగతి చూస్తే కొన్ని లెక్కలు తేలుతాయి.

పిడకల పొగలో పుట్టిన రుచి

స్కాట్లండ్ వారి ‘సింగిల్ మాల్ట్’ అంటే ఒకే బట్టీలో, కేవలం మొలకెత్తిన యవలతో, అంటే బార్లీతో, రాగి పాత్రల్లో కాచిన విస్కీ. గింజను నానబెట్టి, మొలక రాగానే ఎండబెడతారు. రాగి మాల్ట్ చేసే ఇల్లాలికి ఈ పని కొత్తకాదు. మొలక వచ్చినప్పుడు గింజలోని పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చే గుణం పుడుతుంది. చక్కెర ఉంటేనే పులుస్తుంది. పులిస్తేనే బట్టీ ఎక్కుతుంది.

ఆ మొలకలను ఎండబెట్టడంలోనే స్కాచ్ రుచిలో ఒక పెద్ద తేడా దాగి ఉంది. స్కాట్లండ్‌లో చిత్తడి నేలలు ఎక్కువ. వేల ఏళ్లుగా గడ్డీ గాదం కుళ్లి, అణిగి, నల్లటి మట్టిలా గడ్డకట్టిన ‘పీట్’ అనే పదార్థం అక్కడ దొరుకుతుంది. దాన్ని ఇటుకల్లా కోసి, మన పిడకల మాదిరిగా ఎండబెట్టి, పొయ్యిలో వేస్తారు. ఆ పొగ గింజకు పడుతుంది. పడమటి సముద్రంలో ఉన్న ఐలా అనే దీవిలో కాచే లఫ్రోయిగ్, ఆర్డ్‌బెగ్, లగవూలిన్ వంటివాటిలో ఈ పొగ ఘాటు బాగా తెలుస్తుంది. మొదటిసారి వాసన చూసినవాడికి ఆసుపత్రిలో పుండుకు పూసే టింక్చర్ గుర్తుకు రావడం ఖాయం. దీనికి వేలు పోసి కొంటారా అని విస్తుపోయినా తప్పులేదు. అదే దేశంలో స్పే నది పరిసరాల్లో కాచే గ్లెన్‌లివెట్, గ్లెన్‌ఫిడిక్, మెకాలన్ వంటివాటికి సాధారణంగా ఆ పొగ ఉండదు. పండు వాసన, తేనె వాసన, ఎండు ద్రాక్ష తీపి చెబుతారు.

కాచిన వెంటనే విస్కీ నీళ్లలా తెల్లగా ఉంటుంది. దాన్ని ఓక్ అనే గట్టి కలపతో చేసిన పీపాల్లో పోసి కనీసం 3 ఏళ్లు స్కాట్లండ్ గడ్డ మీదనే నిల్వ ఉంచాలని అక్కడి చట్టం. మంచి సరుకు 10, 12, 18 ఏళ్లు కూడా ఉంటుంది. సీసాలో పోసేనాటికి ఆల్కహాల్ 40 శాతానికి తగ్గకూడదు. రంగు చాలావరకు పీపా నుంచే వస్తుంది. అయితే అన్ని సీసాలూ ఒకే రంగులో కనిపించడానికి మాడ్చిన చక్కెర రంగును కలిపేందుకు కూడా ఆ చట్టం ఒప్పుకుంటుంది. కనుక రంగు చిక్కగా ఉంటే సరుకు పాతదని అనుకోనక్కరలేదు.

మక్కలకు మర్యాద

అమెరికా వారి బర్బన్ దారి వేరు. అందులో కనీసం 51 శాతం మక్కలు ఉండాలి. చాలామంది ఇంకా ఎక్కువే వేస్తారు. మిగిలింది ‘రై’ అనే ధాన్యం గానీ, గోధుమ గానీ, కొంత మొలక బార్లీ గానీ ఉంటుంది. రై ఎక్కువైతే మిరియం ఘాటు వస్తుంది, గోధుమ వేస్తే మెత్తబడుతుంది. ‘మేకర్స్ మార్క్’ అనేది గోధుమ వేసిన రకం. పోయినసారి బట్టీలో మిగిలిన పుల్లటి నీటిని కొంత తీసి కొత్త దాంట్లో కలపడం కూడా అక్కడి ఆనవాయితీ. పెరుగుకు తోడు వేసినట్టు కనిపిస్తుంది గానీ ఆ నీరు చేసే పని పులుపు సరిచూడటమే.

బర్బన్‌కు అసలు గుర్తు పీపా. అది ప్రతిసారీ కొత్తదే కావాలి, లోపలంతా నిప్పుతో కాల్చి బొగ్గుపట్టించి ఉండాలి. కాలిన ఓక్ కలప నుంచే మాడుపాకం రుచి, వెనిలా వాసన దిగుతాయి. మన దగ్గర బెల్లం వండే చోట, పాకం ముదిరి అడుగంటే వేళకు గాలిలో తేలే వాసనను తలుచుకుంటే దాదాపు సరిపోతుంది. బయటి రంగు కలపకూడదు. 1964లో అమెరికా పార్లమెంటు బర్బన్‌ను తమ దేశపు ప్రత్యేక సరుకుగా తీర్మానించింది. కెంటకీ రాష్ట్రంలోనే ఇందులో అత్యధిక భాగం తయారవుతుంది.

ఒకసారి వాడిన పీపాను బర్బన్‌కు మళ్లీ వాడరాదు గనుక వాటిని అమ్మేస్తారు. కొనేది ఎవరు? ఎక్కువగా స్కాట్లండ్ వారే. అంటే యవల విస్కీలో కనిపించే తీపి వాసనలో కొంత మక్కల విస్కీ వదిలిపెట్టి పోయినదే. ఏది గొప్పదని ఇరుపక్షాలవారూ తగవులాడుకుంటారు గానీ ఒకరి పాత పీపా లేకుండా రెండోవారికి గడవదు.

రుచి చూసే తీరు

విస్కీ రుచి చూడటం అక్కడ ఒక వృత్తి. తాగడం వేరు, రుచి చూడటం వేరు. అడుగు వెడల్పుగా, మూతి సన్నగా ఉన్న గాజు గ్లాసులో రెండు మూడు చెంచాల సరుకు పోస్తారు. ముందు రంగు చూస్తారు. ఆ తరువాత నోరు కొద్దిగా తెరిచి ముక్కు దగ్గర పెడతారు. ఎక్కువ పని ముక్కుదే. నాలుకకు తీపి, పులుపు, చేదు, ఉప్పు వంటి కొద్ది రుచులే తెలుస్తాయి. పొగ, పండు, పాకం, తోలు అన్నవన్నీ ముక్కు చెప్పవలసినవే. ఒక చిన్న గుటక నోట్లో తిప్పి, చాలామంది ఉమ్మేస్తారు. రోజుకు పదుల కొద్దీ నమూనాలు చూడవలసినవాడు మింగుతూ పోతే మధ్యాహ్నానికే ఉద్యోగం పోతుంది.

ఆ తరువాత కొన్ని చుక్కల నీళ్లు కలిపి మళ్లీ వాసన చూస్తారు. నీళ్లు పడితే వాసన విచ్చుకుంటుందని వాళ్లు తరతరాలుగా చెబుతున్న మాట. 2017లో స్వీడన్ శాస్త్రవేత్తలిద్దరు దీనికి కారణం చూపారు. పొగ వాసననిచ్చే గ్వయకాల్ అనే పదార్థం, నీళ్లు కలిపి ఆల్కహాల్ శాతం తగ్గించినప్పుడు ద్రవం పైపొరకు చేరుతుందని కంప్యూటర్ లెక్కలతో తేల్చారు. ఐసు వేస్తే దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది, చల్లదనానికి వాసన ముడుచుకుపోతుంది.

మన దగ్గర సోడా, కూల్‌డ్రింకు నిండా పోసి, ముక్కు మూసుకుని, మిర్చిబజ్జీ నంజుకుని దించేసే పద్ధతిలో ఏ మాల్టయినా, ఏ బర్బనయినా ఒకటే. ఇందులో తాగేవాడి తప్పు కొంతే ఉంది. ముక్కు మూసుకోవలసిన సరుకునే అతడికి అమ్ముతున్నారు.

మన సీసాలో ఏముంది?

భారతదేశంలో చవకగా అమ్ముడయ్యే విస్కీలో ఎక్కువ భాగానికి మూలం చక్కెర ఫ్యాక్టరీలో మిగిలే మడ్డి, అంటే మొలాసిస్, లేదా నూకలు, మక్కల వంటి ధాన్యం. దాన్ని ఏ రుచీ, వాసనా మిగలనంతగా శుద్ధిచేసి ఆల్కహాల్ తీస్తారు. నీళ్లు, రంగు, వాసన ద్రవ్యాలు కలుపుతారు. కాస్త ఖరీదైన రకాల్లో పెద్ద ట్యాంకుల్లో దిగుమతైన స్కాచ్ కూడా కొంత చేరుతుంది. మొలాసిస్ ఆల్కహాల్‌కు యూరప్ దేశాల్లో విస్కీ అనే పేరు పెట్టి అమ్మడానికి వీల్లేదు. అక్కడ ధాన్యంతో చేసి, 3 ఏళ్లు పీపాలో ఉన్నదే విస్కీ. మన దేశంలో అదే రకం సీసా విస్కీగానే చెలామణి అవుతుంది. పక్కనే ఉన్న బ్రాందీ సీసాకూ దానికీ తేడా చాలాసార్లు రంగులోనూ, వాసన ద్రవ్యంలోనూ మాత్రమే ఉంటుంది.

రేటు లెక్క ఇంకా విచిత్రం. క్వింటాలు మక్కల నుంచి సుమారు 40 లీటర్ల శుద్ధ ఆల్కహాల్ వస్తుంది. మన సీసాల మీద రాసే బలం 42.8 శాతం. ఆ లెక్కన క్వింటాలు మక్కల నుంచి 500 క్వార్టర్ సీసాలు నిండుతాయి. 2025–26 సంవత్సరానికి కేంద్రం ప్రకటించిన మక్కల మద్దతు ధర క్వింటాలుకు రూ. 2,400. అంటే క్వార్టర్ సీసాలో రైతు గింజ విలువ 5 రూపాయలకు మించదు. మిగతాది కాచే ఖర్చు, సీసా, దుకాణం లాభం, అన్నిటికంటే ఎక్కువగా సర్కారు పన్ను. దుకాణం దక్కించుకోవడానికి లాటరీలో చీటీ వేయాలన్నా తిరిగిరాని రుసుము కట్టాలి. 2023లో అది 2 లక్షలుండగా 2025లో 3 లక్షలకు పెంచారు. లాటరీ తగలని వారి డబ్బు కూడా ఖజానాకే.

వాహనాల పెట్రోలులో కలిపే ఇథనాల్, తాగే మద్యంలోని ఆల్కహాల్ రెండూ ఒకే పదార్థం. ఈ సంగతి భైంసా దారిలో పోయేవారికి వేరే చెప్పనక్కరలేదు. దిలావర్‌పూర్ వద్ద తలపెట్టిన ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దంటూ 2024 నవంబరులో దిలావర్‌పూర్, గుండంపల్లి ప్రజలు నిర్మల్–భైంసా రహదారిని దిగ్బంధించారు. నీళ్లు, గాలి పాడవుతాయన్నది వారి భయం. ఆ తరువాత ప్రభుత్వం పనులు నిలిపివేయించింది. గింజ నుంచి ఆల్కహాల్ తీయడమంటే నీళ్ల ఖర్చు, వ్యర్థజలాల బెడద ఎక్కడైనా తప్పవు.

నిజానికి మన దేశంలోనూ అసలైన మాల్ట్ విస్కీ కాస్తున్నారు. బెంగళూరుకు చెందిన అమృత్ సంస్థ తన సింగిల్ మాల్ట్‌ను మొట్టమొదట 2004లో స్కాట్లండ్‌లోని గ్లాస్గో నగరంలోనే అమ్మకానికి పెట్టింది. కొల్లాపూర్ బెల్లాన్ని అనకాపల్లిలో అమ్మబోయినంత సాహసమది. 2010లో జిమ్ మరే అనే ఆంగ్ల రుచి పరీక్షకుడు ఆ సంస్థవారి ‘ఫ్యూజన్’ రకానికి ప్రపంచంలో మూడో స్థానం ఇచ్చాడు. వేడి దేశంలో పీపాలోని సరుకు వేగంగా ముదురుతుంది, వేగంగా ఆవిరవుతుంది కూడా. స్కాట్లండ్‌లో ఏడాదికి 2 శాతం ఆవిరైతే బెంగళూరులో 10 శాతానికి పైమాటే. ఆవిరైన దాన్ని వాళ్లు దేవదూతల వాటా అంటారు. భైంసా వేసవిలో పీపా పెడితే దేవదూతలకు పండుగే.

దిగుమతి సరుకు మీద సుంకం చాలాకాలం 150 శాతం ఉండేది. 2025 ఫిబ్రవరిలో బర్బన్ మీద దాన్ని 100 శాతానికి తగ్గించారు. బ్రిటన్‌తో 2025 జులై 24న సంతకాలైన ఒప్పందం ప్రకారం స్కాచ్ మీద మొదట 75కు, పదేళ్లలో 40 శాతానికి తగ్గాలి. ఇది పట్నంవారికి కబురే గానీ పల్లెకు ఒరిగేది తక్కువ.

అడవి పువ్వు సంగతి

ఇక ఇప్పపువ్వు. ఫాల్గుణ, చైత్రాల్లో తెల్లవారుజామున ఇప్పచెట్టు కింద పసుపు ముత్యాలు పరిచినట్టు పువ్వు రాలి ఉంటుంది. ఆదిలాబాద్, ఉట్నూరు, ఆసిఫాబాద్ అడవుల్లో ఆడవారూ పిల్లలూ చీకటితోనే గంపలు పట్టుకుని పోతారు. మరాఠీవారు మోహ అనేది, హిందీవారు మహువా అనేది దీన్నే. ఎండిన పువ్వులో సగానికి పైగా చక్కెరే. మక్కలకు గానీ యవలకు గానీ మొలక కట్టించి, ఉడకబెట్టి సాధించవలసిన తీపి ఈ పువ్వుకు చెట్టు మీదనే ఉంది. నానబెడితే తనంత తానే పులుస్తుంది. పువ్వునే కాచి తీసే మద్యాలు ప్రపంచంలో అరుదు.

కట్టెల పొయ్యి మీద కుండల్లో కాచిన ఇప్పసారాలో పువ్వు ఘాటు, కొద్దిగా పొగ తెలుస్తాయి. పీపా ముఖం చూడదు గనుక రంగు ఉండదు, పాకం తీపి ఉండదు. ముక్కుతో చూస్తే బర్బన్‌కు దూరం, ఐలా దీవి స్కాచ్‌కు ఎక్కడో దూరపు చుట్టం. గోండులకు ఇది మత్తు సరుకు మాత్రమే కాదు. పుట్టుకకూ, పెళ్లికీ, చావుకూ, దేవతలకూ పితరులకూ ఇప్పసారా ధారపోయవలసిందే. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం కాల్పులకు బలైన తరువాత ఈ ప్రాంతానికి వచ్చి గోండుల జీవితాన్ని గ్రంథస్తం చేసిన హైమెన్‌డార్ఫ్ కూడా ఈ ఆచారాలను వివరంగా రాశాడు.

అయితే తెలంగాణలో అమలవుతున్న 1968 ఎక్సైజు చట్టం దృష్టిలో లైసెన్సు లేకుండా కాచిన ప్రతి చుక్కా నేరమే. ఇంగ్లీషు దొరల కాలంలో 1892లో బొంబాయి రాజధానిలో ఏకంగా పువ్వును దగ్గర ఉంచుకోవడం మీదనే చట్టం తెచ్చారు. సారా కాస్తారన్న అనుమానం కంటే, సర్కారు సారా అమ్ముడుపోదన్న చింతే అందులో ఎక్కువగా కనబడుతుంది.

స్కాట్లండ్ చరిత్ర ఇక్కడే గుర్తుచేసుకోవాలి. రెండువందల ఏళ్ల కిందట అక్కడి కొండల్లో ఇంటింటా దొంగ బట్టీలే. సుంకం వసూలు అధికారులు ఏడాదికి 14 వేల దాకా బట్టీలను పట్టుకున్నా అవి తరగలేదు. చివరికి 1823లో సర్కారు దిగివచ్చి, సుంకం తగ్గించి, పది పౌండ్లకు లైసెన్సు ఇస్తామంది. మరుసటి ఏడాది గ్లెన్‌లివెట్ లోయలో జార్జ్ స్మిత్ అనే రైతు ముందుకు వచ్చి లైసెన్సు తీసుకున్నాడు. దొంగ బట్టీలవారు పగబట్టి తగలబెడతామంటే నడుముకు రెండు పిస్తోళ్లు కట్టుకు తిరిగాడు. నేడు వేలు పోసి కొనే గ్లెన్‌లివెట్ సీసాకు మూలపురుషుడు అతడే.

ఇప్పపువ్వుకు అటువంటి దారి కొందరు వెతుకుతున్నారు. 2021లో మహారాష్ట్ర ప్రభుత్వం మోహ పువ్వు సేకరణ, నిల్వల మీద ఆంక్షలు సడలించింది. అదే ఏడాది మధ్యప్రదేశ్ ఇప్పసారాను వారసత్వ మద్యంగా గుర్తిస్తామని ప్రకటించింది. ఆ తరువాత అలీరాజ్‌పూర్ జిల్లాలో ఆదివాసీ సంఘాలచేత కాయించి, సీసాల్లో నింపి అమ్మకానికి పెట్టించింది.

నాలుకకు తెలియని విషం

ఇప్పసారాకు అనుమతి అనగానే ఊళ్లలో ఆడవారు నొసలు చిట్లిస్తే వారిని తప్పుపట్టలేం. 1980లలో వారుణి వాహిని పేరిట ప్రభుత్వ సారా పొట్లాలు ఇంటి ముంగిటికి వచ్చిన రోజులు పాతతరం మరిచిపోలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై రాష్ట్రమంతా పాకిన మహిళల ఉద్యమం ఫలితంగానే 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధమైంది. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో సడలిపోయింది. సారా నిషేధం మాత్రం నిలిచింది. ఆ ఖాళీలోకి నల్లబెల్లం, పటికలతో కాచే గుడుంబా వచ్చి కూర్చుంది.

రుచి చూసి మంచిచెడ్డలు తేల్చవచ్చుననుకోవడం ఇక్కడ ప్రాణాంతకం. మిథనాల్ అనే విష ఆల్కహాల్ మామూలు ఆల్కహాల్‌లాగే ఉంటుంది. రంగు, వాసన, రుచి ఏవీ పట్టివ్వవు. మొదట కళ్లు మసకబారతాయి, ఆ తరువాత చూపే పోతుంది. 2024 జూన్‌లో తమిళనాడులోని కళ్లకురిచ్చిలో కల్తీసారా తాగి 60 మందికి పైగా చనిపోయారు. పరిశ్రమల్లో వాడే మిథనాల్‌ను సారాలో కలపడం వల్లనే ఈ ఘోరం జరిగింది. చూపు మసకబారగానే పడుకుంటే తగ్గుతుందని ఇంట్లో ఉంచకుండా, ఆసుపత్రికి తీసుకుపోవాలి. గంటలు గడిచేకొద్దీ చేయగలిగింది తగ్గిపోతుంది.

కల్లుదీ ఇదే కథ. చెట్టు మీద నుంచి దింపిన ఈతకల్లు, తాటికల్లు పొద్దెక్కేకొద్దీ పులిసేవే తప్ప వాటి బలం కొద్దే. ఉత్తర తెలంగాణలో చెట్లు తక్కువ, గిరాకీ ఎక్కువ. ఆ లోటు పూడ్చడానికి నీళ్లలో డైజిపాం, ఆల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలిపి అమ్మడం దశాబ్దాలుగా ఉన్న జాడ్యం. 2015లో అధికారులు గట్టిగా దాడులు చేసి కల్తీ ఆపించగానే నిజామాబాద్ తదితర జిల్లాల్లో వందలమంది ఫిట్స్‌తో, పిచ్చి చూపులతో ఆసుపత్రుల పాలయ్యారు. ఏళ్లుగా కల్లు తాగుతున్నామనుకున్నవారు మందుబిళ్లలకు అలవాటు పడ్డారని అప్పుడే వారికి తెలిసింది.

షెడ్యూల్డు ప్రాంతాల్లో మద్యం అమ్మకాన్ని, వాడకాన్ని నియంత్రించే లేదా నిషేధించే అధికారం 1996 నాటి పెసా చట్టం గ్రామసభకే ఇచ్చింది. భైంసా మైదానానికి ఆ చట్టం వర్తించదు గానీ ఉట్నూరు అడవి గూడేలకు వర్తిస్తుంది. కావాలనే మాటా, వద్దనే మాటా అక్కడ కూర్చుని చెప్పుకోవడానికి వీలుంది. ఎంత గూడెంలో ఈ సభలు పేరుకు కాకుండా నిజంగా జరుగుతున్నాయన్నది వేరే ప్రశ్న.

ఈలోగా ఉట్నూరులో ఆదివాసీ మహిళల సంఘం ఒకటి ఇప్పపువ్వును బట్టీ ఎక్కించకుండా లడ్డూలు కడుతోంది. నువ్వులు, పల్లీలు, బెల్లం కలిపి చేసే ఈ లడ్డూలు రక్తహీనత ఉన్న ఆడపిల్లలకు మంచివని ఆశ్రమ పాఠశాలలకు కూడా పంపారు. పువ్వు అదే, తీపి అదే. ఎండబెట్టి జాగ్రత్త చేస్తే వానకాలం దాకా నిలుస్తుంది.